రెండు ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లలోని రికార్డులను జతపరచడం: తరచుగా అడిగే ప్రశ్నలు

రెండు చోట్ల నుంచి రెండు ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లు, అంటే సమాచారాన్ని ట్యాగుల మధ్య పేర్చిన ఫైళ్లు, వచ్చాయి. ఒకే వస్తువుల గురించి కొంత సమాచారం ఒకదానిలో, మిగతాది మరొకదానిలో ఉంది. ఉమ్మడిగా ఉన్న ఫీల్డును పట్టుకుని వాటిని కలపాలి. వినడానికి ఒక పూటలో తెమిలే పనిలా ఉంటుంది. ప్రోగ్రాం రాయడం వరకూ అది నిజమే. అసలు సమయం పట్టేది, ఉమ్మడి అనుకున్న ఆ ఫీల్డు నిజంగా ఉమ్మడిదేనా అని తేల్చుకోవడానికే. అందుకే ఇక్కడి జవాబుల్లో కోడ్ గురించి కంటే డేటా గురించే ఎక్కువగా రాశాను. ఫంక్షన్ల పేర్లన్నీ పలికే తీరులో తెలుగు లిపిలోనే ఇచ్చాను.

జతపరచడం అంటే సరిగ్గా ఏ పని?

మొదటి ఫైలులోని ప్రతి రికార్డుకూ, ఎంచుకున్న ఫీల్డులో అదే విలువ ఉన్న రికార్డు రెండో ఫైలులో ఉందేమో వెతకడం. ఒక ఉదాహరణ తీసుకుందాం. మొదటిది గ్రంథాలయ జాబితా, రెండోది అరల్లో ఏ ప్రతి ఎక్కడుందో లెక్కించిన జాబితా.

<పుస్తకం>
  <సంఖ్య>0-306-40615-2</సంఖ్య>
  <విభాగం>విజ్ఞానం</విభాగం>
</పుస్తకం>

<ప్రతి సంఖ్య="9780306406157">
  <అర>బీ 4</అర>
</ప్రతి>

ఇలా తెలుగులో ట్యాగుల పేర్లు పెట్టడం ఎక్స్‌ఎంఎల్‌లో పూర్తిగా చెల్లుతుంది. ఈ రెండు రికార్డులూ ఒకే పుస్తకానివి. కానీ ఒకచోట సంఖ్య ఎలిమెంటుగా, అంటే సొంత ట్యాగుల మధ్య ఉంది, మరోచోట ఆట్రిబ్యూట్‌గా, అంటే మరో ట్యాగు లోపలే ఉంది. ఒకచోట గీతలున్నాయి, మరోచోట లేవు. అంకెలే వేరు. ఈ పనిలో ఎదురయ్యే చిక్కులు చాలావరకు ఈ కొద్ది వరుసల్లోనే ఉన్నాయి.

ఫలితం ఎప్పుడూ మూడు కుప్పలుగా వస్తుంది: రెండు వైపులా దొరికినవి, మొదటి ఫైలులో మాత్రమే ఉన్నవి, రెండో ఫైలులో మాత్రమే ఉన్నవి. చాలామంది మొదటి కుప్పను మాత్రమే రాసుకుని మిగతా రెండింటిని వదిలేస్తారు. నా దృష్టిలో ఆ రెండే ముఖ్యం. డేటాలో ఎక్కడ తేడా ఉందో చెప్పేవి అవే.

ఏ ఫీల్డును కీగా ఎంచుకోవాలి?

జతలు వెతకడానికి వాడే ఫీల్డే కీ. అది రెండు ఫైళ్లలోనూ ఉండాలి, ప్రతి రికార్డులోనూ నిండి ఉండాలి, ఒక వస్తువుకు ఒకే విలువ ఉండాలి, కాలంతో మారకూడదు. ఇన్ని లక్షణాలూ ఉన్న ఫీల్డు దొరకడం అరుదు. కాబట్టి ఎంచుకునే ముందు రెండు ఫైళ్లలోనూ ఆ ఫీల్డును లెక్కపెట్టండి. మొత్తం రికార్డులు ఎన్ని, వాటిలో ఆ ఫీల్డు ఖాళీగా ఉన్నవి ఎన్ని, వేర్వేరు విలువలు ఎన్ని, ఒకటి కంటే ఎక్కువసార్లు వచ్చిన విలువలు ఏవి? ఈ నాలుగు లెక్కలు తెలియకుండా జతపరిచే ప్రోగ్రాం మొదలుపెట్టవద్దని గట్టిగా చెబుతాను. ఎక్స్‌ఎంఎల్‌లో కావలసిన భాగాలను వెతికే భాష ఎక్స్‌పాత్. దాని 2.0 రూపంలో కౌంట్, డిస్టింక్ట్-వాల్యూస్ అనే రెండు ఫంక్షన్లతో ఇవి నిమిషాల్లో తేలుతాయి.

పేరును కీగా వాడవలసి వస్తే అది చివరి మార్గం మాత్రమే కావాలి. వ్యవస్థ తనంతట తాను ఇచ్చుకున్న వరుస సంఖ్యతోనూ జాగ్రత్తగా ఉండాలి. రెండు ఫైళ్లలోనూ ‘ఐడీ’ అనే ఫీల్డు ఉన్నంత మాత్రాన రెండింటికీ ఒకే అర్థం ఉన్నట్టు కాదు. రెండు వేర్వేరు వ్యవస్థలు ఎవరికి వారు 1 నుంచి మొదలుపెట్టి సంఖ్యలు ఇచ్చుకుంటే అన్ని రికార్డులూ చక్కగా కలుస్తాయి, అన్నీ తప్పుగా కలుస్తాయి. పది జతలు తీసి కంటితో చదవండి. ఈ తప్పు అక్కడే పట్టుబడుతుంది.

రెండు ఫైళ్లలోనూ ఐఎస్‌బీఎన్ ఉంది. అయినా కొన్నే ఎందుకు కలుస్తున్నాయి?

పుస్తకాలకు ఇచ్చే గుర్తింపు సంఖ్య అయిన ఐఎస్‌బీఎన్ ఇప్పుడు 13 అంకెలది. 2007 జనవరి 1కి ముందు 10 అంకెలుండేవి. పాత జాబితాలో పదంకెలది, కొత్త జాబితాలో పదమూడంకెలది ఉండటం మామూలే. పై ఉదాహరణలో జరిగింది అదే. ఒకదాన్ని మరొకదానిలోకి మార్చడం కష్టమేమీ కాదు. గీతలు, ఖాళీలు తీసేసి, పదింటిలో చివరి తనిఖీ అంకెను వదిలి, మిగిలిన తొమ్మిదికి ముందు 978 చేర్చి, కొత్త తనిఖీ అంకెను లెక్కించాలి.

పై సంఖ్యతోనే చేసి చూద్దాం. 030640615కు 978 చేర్చితే 978030640615. అంకెలను వరుసగా ఒకసారి 1తో, ఒకసారి 3తో హెచ్చించి కూడితే 93 వస్తుంది. దాన్ని తరువాతి పదుల సంఖ్య అయిన 100కు చేర్చడానికి 7 కావాలి. కాబట్టి 9780306406157. రెండో ఫైలులో ఉన్నది సరిగ్గా ఇదే. 979తో మొదలయ్యే పదమూడంకెల సంఖ్యలకు పదంకెల రూపం ఉండదు కాబట్టి ఎప్పుడూ పదమూడంకెల వైపే మార్చండి. పదంకెల రూపంలో చివర అంకెకు బదులు ఎక్స్ అనే అక్షరం రావచ్చు. ‘అంకెలు కానివన్నీ తీసేయ్’ అనే గుడ్డి నియమం పెడితే అది ఎగిరిపోతుంది.

ఐఎస్‌బీఎన్ ఒక ఉదాహరణ మాత్రమే. ఫోను నంబరుకు ముందు దేశ సంకేతం, తేదీలో రోజు ముందా నెల ముందా అన్నది, ఉత్పత్తి సంకేతంలో ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు, అన్నిటికీ సూత్రం ఒకటే. రెండు వైపులా విలువను ఒకే రూపానికి తెచ్చే నియమం ఒకటి రాసుకుని, రెండు ఫైళ్ల మీదా అదే నియమాన్ని నడపాలి. ఒక ఫైలుకు ఒకటి, మరో ఫైలుకు మరొకటి రాస్తే కొద్ది రోజుల్లో అవి వేర్వేరు దారులు పడతాయి. మూల విలువను మాత్రం చెరపకండి. శుభ్రం చేసిన కీని పక్కన వేరే ఫీల్డుగా ఉంచుకోండి.

05/06/2024 వంటి తేదీ మే 6వ తేదీయా, జూన్ 5వ తేదీయా అన్నది ఆ విలువను చూసి ఎవరూ చెప్పలేరు. ఫైలు పంపినవారిని అడగడం తప్ప దారి లేదు. అడిగి, సంవత్సరం ముందు, ఆపై నెల, ఆపై రోజు వచ్చే ఐఎస్‌ఓ 8601 రూపంలోకి మార్చుకోండి.

ఖాళీల సంగతి? నార్మలైజ్-స్పేస్ వాడితే సరిపోదా?

ఎక్స్‌పాత్‌లోని ఈ ఫంక్షన్ చాలావరకు సరిపోతుంది. ముందూ వెనుకా ఉన్న ఖాళీలను తీసేస్తుంది, మధ్యలో వరుసగా ఉన్నవాటిని ఒకటిగా చేస్తుంది. కానీ అది పట్టించుకునేవి నాలుగే: మామూలు ఖాళీ, ట్యాబ్, వరుస మార్పుకు వాడే రెండు అక్షరాలు. వెబ్ పేజీల నుంచి, వర్డ్ ఫైళ్ల నుంచి అతికించిన డేటాలో తరచుగా కనిపించే విడదీయరాని ఖాళీ, అంటే అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్‌లో యూ+00ఏ0, దాని చేతికి దొరకదు. పైథాన్‌లోని స్ట్రిప్ మాత్రం అంచుల్లో ఉన్న దాన్ని తీసేస్తుంది. అందువల్ల ఒకే ఫైళ్లు పైథాన్‌లో కలిసి, ఎక్స్‌ఎంఎల్‌ను మరో రూపంలోకి మార్చే భాష అయిన ఎక్స్‌ఎస్‌ఎల్‌టీలో కలవకపోవచ్చు. ముందే ట్రాన్స్‌లేట్ ఫంక్షన్‌తో దాన్ని మామూలు ఖాళీగా మార్చి, ఆ తరువాత నార్మలైజ్-స్పేస్ నడపండి.

తెరమీద ఒకేలా కనిపించే రెండు తెలుగు పేర్లు ఎందుకు కలవడం లేదు?

కంప్యూటర్ పోల్చేది మనం చూసే అక్షరాలను కాదు, వాటి వెనుక ఉన్న యూనికోడ్ సంకేతాలను. ఒకే రూపం వేర్వేరు సంకేతాల వరుసతో తయారు కావచ్చు.

మొదటి అనుమానితుడు కంటికి కనిపించని అక్షరం, యూ+200సీ. పొల్లు తరువాతి అక్షరం ఒత్తుగా మారకుండా ఆపడానికి దాన్ని వాడతాం. ‘సాఫ్ట్‌వేర్’ అనే మాటలో ట తరువాత అది ఉంటుంది. ఒకరు దాన్ని టైపు చేస్తారు, మరొకరు చేయరు, ఇంకొకరు పదం చివర అనవసరంగా పెడతారు. పదం చివర ఉన్నప్పుడు తెరమీద తేడా ఏమీ తెలియదు. దాన్ని నార్మలైజ్-స్పేస్ తీయదు, పైథాన్ స్ట్రిప్ కూడా తీయదు, ఎందుకంటే అది ఖాళీల కోవలోకి రాదు. కీ తయారు చేసేటప్పుడు దాన్నీ, దాని జంట అయిన యూ+200డీని పూర్తిగా తీసేయండి. చూపించే పేరులో మాత్రం ఉంచండి. అక్కడ అది అవసరం.

రెండోది ఐత్వం. దానికి ఒకే సంకేతం ఉంది, యూ+0సీ48. అదే గుర్తును ఎత్వం, కింది ఐత్వపు గుర్తు అనే రెండు సంకేతాలుగా కూడా నిల్వ చేయవచ్చు. చూపుకు తేడా లేదు, పోలికలో తేడా ఉంది. విడి సంకేతాలను ఒకటిగా కలిపే యూనికోడ్ ఎన్‌ఎఫ్‌సీ రూపానికి మారిస్తే రెండూ ఒకటవుతాయి. ఎక్స్‌పాత్ 2.0లో నార్మలైజ్-యూనికోడ్, పైథాన్‌లో యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లోని నార్మలైజ్ ఈ పని చేస్తాయి. అయితే ఎన్‌ఎఫ్‌సీ యూ+200సీని ముట్టుకోదు. కాబట్టి రెండు పనులూ విడివిడిగా చేయాలి.

మూడోది అంకెలు. ఒక ఫైలులో ౧౨, మరోదానిలో 12 ఉంటే ఎక్స్‌పాత్ నంబర్ ఫంక్షన్ తెలుగు అంకెలను సంఖ్యగా గుర్తించదు. ట్రాన్స్‌లేట్‌కు ౦ నుంచి ౯ వరకు ఒక వరుసగా, 0 నుంచి 9 వరకు మరో వరుసగా ఇస్తే మారిపోతాయి.

ఇవన్నీ అయ్యాక కూడా మిగిలేది రాతలోని భేదం. రాం, రామ్. ఎంఎల్, ఎమ్ఎల్. రెండూ సరైనవే. సున్నకూ మకార పొల్లుకూ మధ్య నియమం పెట్టుకుని కీలో ఒకదానికే మార్చవచ్చు. కానీ అలాంటి నియమాలు పెరిగేకొద్దీ వేరైన పేర్లు కూడా ఒకటైపోయే ప్రమాదం ఉంది. పేరు ఒక్కటే ఆధారమైతే మరో ఫీల్డు తోడు లేకుండా ఇంత దూరం వెళ్లకండి.

కీని సంఖ్యగా మార్చి పోల్చితే పని తేలిక కాదా?

కూడికలు తీసివేతలు చేయనిది ఏదీ సంఖ్య కాదు, అది అంకెల్లో రాసిన పేరు. అలాగే చూడండి. 0306406152ను సంఖ్యగా మారిస్తే ముందున్న సున్న పోతుంది. ఎక్స్‌పాత్ 1.0లోని సంఖ్యలన్నీ డబుల్ రకానివి. 9007199254740992 దాటితే అవి ప్రతి పూర్ణసంఖ్యనూ విడిగా గుర్తుంచుకోలేవు. అంటే 17 అంకెల గుర్తింపు సంఖ్యలు రెండు చివర అంకెలో వేరైనా, సంఖ్యలుగా పోల్చితే సమానమని రావచ్చు. ఇది కలవకపోవడం కన్నా ప్రమాదకరం, ఎందుకంటే ఎక్కడా లోపం కనిపించదు. ఎక్స్‌పాత్ 2.0లో పదమూడంకెల ఐఎస్‌బీఎన్‌ను డబుల్‌గా మార్చి మళ్లీ అక్షరాల్లోకి తెస్తే ఘాతాంక రూపంలో వస్తుంది. అది ఇక దేనితోనూ కలవదు.

ఒకవైపు 007, మరోవైపు 7 ఉంటే? రెండింటినీ ఒకే పొడవుకు సున్నలతో నింపండి, లేదా రెండింటిలోనూ ముందున్న సున్నలు తీసేయండి. ఏది చేసినా అక్షరాలుగానే పోల్చండి.

ఒక్క రికార్డు కూడా కలవడం లేదు. ఎక్కడ చూడాలి?

కొన్ని కలిసి కొన్ని కలవకపోతే లోపం డేటాలో ఉంటుంది. ఒక్కటీ కలవకపోతే లోపం దాదాపు ఎప్పుడూ రికార్డులను చేరే ఎక్స్‌పాత్ దారిలోనే ఉంటుంది, అందులోనూ నేమ్‌స్పేస్‌లో, అంటే ట్యాగు పేరు ఏ సమూహానికి చెందిందో చెప్పే గుర్తింపులో. ఫైలు మూల ఎలిమెంట్‌లో డిఫాల్ట్ నేమ్‌స్పేస్ ప్రకటన ఉంటే లోపలి ఎలిమెంట్లన్నీ దానికి చెందుతాయి. ఎక్స్‌పాత్ 1.0లో పేరుకు ముందు నేమ్‌స్పేస్‌ను సూచించే గుర్తు (ముందు గుర్తు) లేకుండా ‘పుస్తకం’ అని రాస్తే ఏ నేమ్‌స్పేస్‌కూ చెందని పుస్తకం అని అర్థం. అలాంటిది ఆ ఫైలులో లేదు. అందుకే లోపమేమీ చూపకుండా ఖాళీ ఫలితం వస్తుంది.

స్టైల్‌షీట్‌లో, అంటే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ప్రోగ్రాంలో, ఆ నేమ్‌స్పేస్‌కు ఒక ముందు గుర్తు కట్టి, ప్రతి పేరుకూ దాన్ని తగిలించండి. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 2.0 నుంచి ఎక్స్‌పాత్-డిఫాల్ట్-నేమ్‌స్పేస్ అనే ఆట్రిబ్యూట్ ఈ శ్రమ తగ్గిస్తుంది. పైథాన్ ఎలిమెంట్‌ట్రీలో మీసాల బ్రాకెట్లలో నేమ్‌స్పేస్ చిరునామా, దాని వెంట ట్యాగు పేరు వస్తాయి. మొదటి ఫైలుకు నేమ్‌స్పేస్ ఉండి రెండోదానికి లేకపోవడం కూడా మామూలే. ముందు గుర్తు లేని ఆట్రిబ్యూట్లకు మాత్రం డిఫాల్ట్ నేమ్‌స్పేస్ వర్తించదు. మన ఉదాహరణలో ప్రతి అనే ఎలిమెంటుకు గుర్తు కావాలి, దాని సంఖ్య అనే ఆట్రిబ్యూట్‌కు అక్కర్లేదు.

ఎక్స్‌ఎస్‌ఎల్‌టీలో రెండో ఫైలును తెరిచి వెతకడం ఎలా?

1999లో వచ్చిన 1.0లో డాక్యుమెంట్ అనే ఫంక్షన్ ఉంది, 2007లో వచ్చిన 2.0లో డాక్ కూడా వచ్చింది. ఫైలు పేరును నేరుగా ఇస్తే డాక్యుమెంట్ దాన్ని స్టైల్‌షీట్ ఉన్న చోటు నుంచి వెతుకుతుంది, డేటా ఉన్న చోటు నుంచి కాదు.

తెరిచాక చాలామంది రాసే మొదటి వరుస ఇది: ప్రతి[@సంఖ్య = సంఖ్య]. ఇది ఎప్పటికీ కలవదు. చదరపు బ్రాకెట్ల లోపల ‘సంఖ్య’ అంటే మనం నిలబడిన పుస్తకం సంఖ్య కాదు, ఆ ప్రతిలోనే ఉన్న సంఖ్య అనే ఎలిమెంటు. ప్రతిలో అలాంటిది లేదు. రెండు ఫైళ్లలోనూ ఫీల్డు పేరు ఒకటే అయి, పుస్తకం[సంఖ్య = సంఖ్య] అని రాస్తే ఇంకా ఘోరం. ప్రతి రికార్డూ తనతో తాను సమానమే కాబట్టి ఒక్కో రికార్డుకు రెండో ఫైలు మొత్తం వచ్చి అతుక్కుంటుంది. బయటి రికార్డును సూచించడానికి కరెంట్ ఫంక్షన్ వాడాలి, లేదా విలువను ముందే ఒక వేరియబుల్‌లో పెట్టుకోవాలి. నేను వేరియబుల్‌నే ఇష్టపడతాను. ఆరు నెలల తరువాత చదివేవారికి అది సూటిగా అర్థమవుతుంది.

రికార్డులు వేలల్లో ఉంటే ఈ పద్ధతి నత్తనడక నడుస్తుంది. ఒక్కొక్క వైపు 10,000 ఉంటే 10 కోట్ల పోలికలు. స్టైల్‌షీట్ పైభాగంలో కీ ప్రకటించి, కీ ఫంక్షన్‌తో వెతికితే ప్రాసెసర్ ఒకసారి ఇండెక్స్ తయారు చేసుకుని ఆపై నేరుగా అక్కడికే వెళుతుంది. 1.0లో ఒక మెలిక ఉంది: కీ ఫంక్షన్ ప్రస్తుత నోడ్ ఉన్న పత్రంలోనే వెతుకుతుంది. కాబట్టి విలువను వేరియబుల్‌లో పెట్టుకుని, రెండో పత్రం మూలం మీద ఫర్-ఈచ్ తిప్పి, దాని లోపల కీని పిలవాలి. చూడటానికి వింతగా ఉంటుంది, కానీ అదే సరైన పద్ధతి. 2.0 నుంచి ఏ పత్రంలో వెతకాలో మూడో ఆర్గ్యుమెంటుగా ఇస్తే చాలు. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ వంటి పనిముట్లు 1.0 దగ్గరే ఉన్నాయి. శాక్సన్ అనే మరో పనిముట్టు ఉచిత రూపం 3.0 వరకు నడుపుతుంది.

ఎక్స్‌క్వెరీ, పైథాన్ అయితే?

జతపరచడానికి ఎక్స్‌క్వెరీ ఎంతో అనువైన భాష. రెండు ఫర్ వాక్యాలు, ఒక వేర్ షరతు రాస్తే చాలు. జత లేనివి కూడా రావాలంటే 2014లో వచ్చిన 3.0లోని ‘అలోయింగ్ ఎంప్టీ’ వాడండి. ఇదే పనిని తరచుగా చేసేవారు ఫైళ్లను బేస్‌ఎక్స్ వంటి ఎక్స్‌ఎంఎల్ డేటాబేస్‌లోకి ఎక్కించుకుంటే ఇండెక్స్ సిద్ధంగా ఉంటుంది.

పైథాన్‌లో రెండో ఫైలును చదివి, కీ ఆధారంగా డిక్షనరీ కట్టి, మొదటి ఫైలును ఒకసారి దాటుకుంటూ పోతే పని అయిపోతుంది. డిక్షనరీ విలువగా రికార్డును కాకుండా రికార్డుల జాబితాను ఉంచండి. లేకపోతే ఒకే కీతో రెండో రికార్డు రాగానే మొదటిది చప్పుడు చేయకుండా చెరిగిపోతుంది.

ఒక ఫీల్డు చాలదు. రెండు మూడు కలిపి కీ చేయవచ్చా?

చేయవచ్చు, మధ్యలో విడదీసే గుర్తు తప్పనిసరి. సంపుటి 12, సంచిక 3 కలిపినా, సంపుటి 1, సంచిక 23 కలిపినా 123 వస్తుంది. డేటాలో ఎక్కడా రాని గుర్తును, ఉదాహరణకు నిలువు గీతను, మధ్యలో పెట్టండి. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 3.0లో కీ ప్రకటనకు కంపోజిట్ అనే ఆట్రిబ్యూట్ ఉంది. దానితో ఈ అతికింపు అవసరమే లేదు.

కీ ఖాళీగా ఉన్న రికార్డులను ఏం చేయాలి?

జతపరచడం నుంచి ముందే పక్కకు తీయండి. ఐఎస్‌బీఎన్ లేని పాత పుస్తకాలు మొదటి ఫైలులో 40, రెండో ఫైలులో 50 ఉన్నాయనుకోండి. ఖాళీ విలువ ఖాళీ విలువతో సమానమే కాబట్టి 2,000 దొంగ జతలు పుడతాయి. ఎలిమెంటు అసలు లేకపోవడం, ఉండి ఖాళీగా ఉండటం వేర్వేరు సంగతులు. ఎక్స్‌పాత్‌లో లేని ఎలిమెంటుతో పోలిక ఎప్పుడూ అసత్యం, ఖాళీ ఎలిమెంట్లు రెండు మాత్రం సమానం. విలువలను అతికించే కాంకాట్ ఫంక్షన్ లోపల పెట్టగానే ఆ తేడా కూడా మాయమై రెండూ ఖాళీ అక్షరవరుసలే అవుతాయి. పైథాన్ ఫైండ్‌టెక్స్ట్ లేనిదానికి నన్ ఇస్తుంది, ఖాళీదానికి ఖాళీ వరుస ఇస్తుంది. ‘లేదు’, ‘తెలియదు’, ‘0000000000’ వంటి నింపుడు విలువలను కూడా ఖాళీగానే లెక్కించండి. ఏ విలువలు ఎక్కువసార్లు వచ్చాయో చూస్తే అవి పైకి తేలుతాయి.

ఒక పుస్తకానికి అయిదు ప్రతులు కలిశాయి. ఇది తప్పా?

తప్పు కాదు, ఒకటికి అనేకం అన్నది ఇక్కడ సహజమైన సంబంధమే. ఎక్స్‌ఎంఎల్‌కు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. వరుసల పట్టికలా పుస్తకం వివరాలను అయిదుసార్లు తిరగరాయనక్కర్లేదు. ఒక పుస్తకం కింద అయిదు ప్రతులను పిల్లలుగా అమర్చవచ్చు. వీలైన ప్రతిచోటా అలాగే చేయండి.

చిక్కు అనేకానికి అనేకంతో వస్తుంది. ఒకే కీ ఒకవైపు 3 సార్లు, మరోవైపు 4 సార్లు ఉంటే 12 జతలు. ఆపై మొత్తాలు కూడితే అన్నీ ఉబ్బిపోతాయి. ఏదో ఒక వైపు కీ ఒక్కసారే రావాలని అనుకుంటే ఆ నమ్మకాన్ని, ఫైలు నిర్మాణ నియమాలు రాసే స్కీమాలో యునీక్ నియమంగా రాసి ముందే తనిఖీ చేయించండి. నకళ్లలో మొదటిదాన్నే తీసుకోవడం అనే తేలిక దారి వద్దు. ఫైలులో ముందు వచ్చినంత మాత్రాన అది సరైనది కాదు.

జత లేని రికార్డులను ఎలా రాబట్టాలి?

ఇక్కడ ఎక్స్‌పాత్ చాలామందిని పడగొడుతుంది. రెండో ఫైలులోని సంఖ్యలన్నిటితో ‘సమానం కాదు’ అనే గుర్తుతో పోల్చితే, వాటిలో ఏ ఒక్కటి వేరైనా షరతు సత్యమవుతుంది. రెండు వేర్వేరు విలువలుంటే చాలు, దాదాపు ప్రతి రికార్డూ జత లేనిదిగా బయటికి వస్తుంది. సమానమా అని అడిగి, దాని మీద నాట్ పెట్టండి: ‘ఏ ఒక్కటీ సమానం కాదు’ అన్న అర్థం అప్పుడే వస్తుంది. ఇదే వెతుకులాటను రెండు వైపుల నుంచీ నడపాలి.

కీ ఏదీ లేదు, పేర్లు దాదాపు ఒకేలా ఉన్నాయి. అయినా జతపరచవచ్చా?

వీలవుతుంది, కానీ అప్పుడు జవాబు అవును, కాదు అని రాదు, ఎంత నమ్మకంతో అన్నట్టు వస్తుంది. ఇది పాత సమస్య. ఇవాన్ ఫెలెగీ, అలన్ సంటర్ 1969లో దీనికి గణిత సిద్ధాంతం రాశారు. ప్రతి ఫీల్డుకూ ఒక బరువు ఉంటుంది. అరుదైన ఇంటిపేరు కలిస్తే ఎక్కువ బరువు, అందరికీ ఉండే పేరు కలిస్తే తక్కువ. మొత్తం బరువును బట్టి జత, జత కాదు, మనిషి చూడవలసినది అని మూడు రకాలు. ఆ మూడో రకాన్ని వాళ్లు ఉంచడం నాకు ఎంతో నచ్చుతుంది. యంత్రం తేల్చలేనిదాన్ని తేల్చినట్టు చూపకపోవడమే ఈ పనిలో నిజాయితీ.

ఒక పదాన్ని మరో పదంగా మార్చడానికి ఎన్ని దిద్దుబాట్లు కావాలో లెక్కించే లెవెన్‌స్టైన్ దూరం 1965 నాటిది. తెలుగు మీద వాడేటప్పుడు గుర్తుంచుకోవలసినది ఒకటుంది. అది సంకేతాలను లెక్కిస్తుంది, అక్షరాలను కాదు. ‘క్ష’ మనకు ఒక అక్షరం, యూనికోడ్‌లో మూడు సంకేతాలు. ఒక సంయుక్తాక్షరం తప్పితే రెండు మూడు తప్పులుగా లెక్క పడుతుంది. ముందుగా పదాన్ని అక్షరాలుగా విడగొట్టి ఆపై దూరం లెక్కిస్తే ఫలితం మన కంటికి దగ్గరగా ఉంటుంది. ఉచ్చారణను బట్టి పేర్లకు సంకేతమిచ్చే సౌండెక్స్ ఇంగ్లీషు పేర్ల కోసం పుట్టింది, మొదటి పేటెంట్ 1918లో వచ్చింది. తెలుగు లిపికి అది పనికిరాదు.

అన్నిటినీ అన్నిటితో పోల్చకుండా, ప్రచురణ సంవత్సరం వంటి ఒక నమ్మకమైన ఫీల్డు కలిసినవాటిలోనే దూరం లెక్కించండి. పోలికలు వందల రెట్లు తగ్గవచ్చు.

ఫైళ్లు కంప్యూటర్ మెమరీలో పట్టనంత పెద్దవి. అప్పుడు?

చిన్న ఫైలును ఇండెక్స్‌గా చదివి, పెద్దదాన్ని ఒక్కో రికార్డుగా దాటించండి. పైథాన్‌లో ఐటర్‌పార్స్ అందుకే ఉంది. ప్రతి రికార్డు పూర్తయ్యాక క్లియర్ చేయడంతో పాటు, మూల ఎలిమెంటు నుంచి కూడా దాన్ని తీసేయాలి. లేకపోతే ఖాళీ గుల్లలు లక్షల్లో పేరుకుపోతాయి. రెండూ పెద్దవైతే రెండింటినీ కీ వరుసలో పేర్చి, పక్కపక్కనే నడుపుతూ కలపాలి. 2017లో వచ్చిన ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 3.0లోని మెర్జ్ సరిగ్గా ఇందుకే. స్ట్రీమింగ్‌కు మాత్రం శాక్సన్ ఉచిత రూపం చాలదు.

ట్యాగులను మామూలు పాఠంగా చూసి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో వెతికితే?

వద్దు. ఆట్రిబ్యూట్ల క్రమం, ఎంటిటీలు, సీడేటా, వ్యాఖ్యలు, ఎన్‌కోడింగ్ ఇవన్నీ ఎక్స్‌ఎంఎల్‌ను చదివే పార్సర్ చూసుకుంటుంది.

బయటివారు పంపిన ఫైలును నేరుగా తెరవవచ్చా?

ముందు పార్సర్‌లో బయటి ఎంటిటీలను, అంటే బయటి ఫైలులోని పాఠాన్ని తెచ్చిపెట్టే సంక్షిప్త పేర్లను, ఆపండి. అవి తెరిచి ఉంటే ఆ ఫైలు మీ కంప్యూటర్‌లోని వేరే ఫైళ్లను చదివించగలదు. ఎంటిటీలో ఎంటిటీని పది అంచెలుగా పేర్చి చిన్న ఫైలుతోనే మెమరీని నింపేసే దాడి కూడా ఉంది. పైథాన్‌లో డిఫ్యూజ్డ్‌ఎక్స్‌ఎంఎల్ అనే లైబ్రరీ ఈ రెండింటినీ అడ్డుకుంటుంది.

జతైన రెండు రికార్డుల్లో ఒకే ఫీల్డుకు వేర్వేరు విలువలుంటే ఏది ఉంచాలి?

ఇది సాంకేతిక ప్రశ్న కాదు, ఆ డేటా ఎవరి బాధ్యతో వారే చెప్పాలి. ఫీల్డు వారీగా నిర్ణయించండి: విభాగం విషయంలో జాబితాది చెల్లుతుంది, అర విషయంలో లెక్కింపుది చెల్లుతుంది. నిర్ణయం రాని ఫీల్డుకు రెండు విలువలనూ, ఏది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిపే ఆట్రిబ్యూట్‌తో ఉంచండి.

పని సరిగ్గా జరిగిందని ఎలా తెలుస్తుంది?

లెక్క కుదరాలి. మొదటి ఫైలులోని మొత్తం రికార్డులు = జత దొరికినవి + దొరకనివి + కీ ఖాళీగా ఉన్నవి. రెండో ఫైలుకూ ఇదే సమీకరణం. ఒక్క రికార్డు తేడా వచ్చినా ఆగి వెతకండి. ఆపై ప్రతి కుప్ప నుంచీ కొన్ని తీసి చదవండి. ముఖ్యంగా ‘జత లేనివి’ కుప్పను కీ వరుసలో పేర్చి, రెండు ఫైళ్లవీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక గీత, ఒక సున్న, ఒక కనిపించని అక్షరం తేడాతో ఆగిపోయినవి వరుసగా కనబడతాయి. వాటిని చూసి శుభ్రం చేసే నియమాన్ని సవరించి మళ్లీ నడపండి.

ఇదే పనిని ప్రతి నెలా చేయాలి. ఏం దాచుకోవాలి?

శుభ్రం చేసే నియమాలను, గత నెల మూడు కుప్పల లెక్కలను దాచుకోండి. వాటితో పాటు మనిషి కూర్చుని ‘ఈ రెండూ ఒకటే’, ‘ఈ రెండూ వేరు’ అని తేల్చిన జతలను ఒక చిన్న ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా రాసి పెట్టుకోండి, ఎవరు తేల్చారో, ఎప్పుడు తేల్చారో చేర్చి. వచ్చే నెల ప్రోగ్రాం ముందుగా ఆ ఫైలును చదవాలి, ఆ తరువాతే తన నియమాలు నడపాలి. ‘వేరు’ అని తేల్చినవాటిని దాచడం చాలామంది మరిచిపోతారు. దాంతో అవే అనుమానాస్పద జతలు ప్రతి నెలా మళ్లీ అదే మనిషి ముందుకు వస్తాయి.